మా అత్తగారి చక్రాల కన్ను

మా వీధిలో ఏ ఇంట్లో ఆ పూట ఏం కూర వండారో, ఆ ఇంటి మగవాళ్ళ కంటే ముందు మా అత్తగారికి తెలిసేది. అనకాపల్లి బెల్లం మార్కెట్ నుంచి లోపలికి తిరిగే సన్నటి వీధుల్లో మాదొకటి. ఇళ్ళు ఇరుకైనా అరుగులు మాత్రం వెడల్పు. పొద్దుటి పనులు కాగానే ఆవిడ అరుగు మీద గోడకి చేరగిలబడి కూర్చునేది. ఇక మధ్యాహ్నం వరకూ ఆ దారిన పోయే మనిషి గానీ ఆటో గానీ ఆవిడకి జవాబు చెప్పకుండా దాటేది కాదు. బెల్లం దిమ్మలు వేసుకెళ్ళే రిక్షా అతను కూడా కాలు నేల మీద ఆన్చి, "బాగున్నావా అమ్మా" అని పలకరించాకే మళ్ళీ తొక్కేవాడు. పలకరించకుండా పోయిన రోజుకి మర్నాడు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది.

నేనంటే ఆవిడకి మొదటి నుంచీ అనుమానమే. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో హాల్లో ఫ్యాను కిర్రుమంటుంటే, "డిప్లమా సదివిందంట గదా, ఫ్యానుకి నూనెయ్యడం వచ్చేటి?" అని ఎదురింటావిడకి వినపడేలా అడిగింది. అత్త అన్నందుకు కాదు, ఎదురింటావిడ కిసుక్కున నవ్వినందుకు నాకు ఒళ్ళు మండింది. మాట్లాడకుండా స్టూలెక్కి ఫ్యాను మొత్తం విప్పి నేల మీద పరిచాను. ఆ రోజు ఇంటిల్లిపాదీ విసనకర్రలతో పడుకున్నారు. మర్నాటికి ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది గానీ, మా ఇద్దరి మధ్య చప్పుడు ఆ రోజు మొదలై మరి ఆగలేదు.

నేను మెయిన్ రోడ్డులో ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపులో పనికి కుదిరినప్పుడు, "ఊళ్ళో ఆల్ల ఫోన్లన్నీ ఇప్పి సూసీ ఉద్యోగం" అని వీధంతా చాటింది. అందులో కాస్త ఈర్ష్య కూడా ఉందని నాకనిపించేది. ఆవిడ ఎండలో కూర్చుని పోగుచేసుకునే సమాచారం నా బల్ల మీదకి దానంతట అదే వస్తుందని ఆవిడ ఊహ.

అలాంటి మనిషి ఒక ఉదయం వాకిలి కడిగి, ఖాళీ బకెట్టుతో లోపలికి వస్తూ తడి గడప దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి, రాడ్డు వేయించి, ఇంటికి తెచ్చి వెనక గదిలో పడుకోబెట్టాం. మా మావగారు తెల్లారకుండానే మునగపాక దగ్గర మా చెరుకు తోటకి వెళ్ళి పొద్దుగూకాక వచ్చే మనిషి. మా ఆయన కంపెనీ బస్సు ఎక్కితే మళ్ళీ సాయంత్రమే దిగడం. పగలు ఇంట్లో ఆవిడా నేనూ. షాపులో చెప్పి నేను ఒంటిపూట పనికి మారాను.

కొన్ని వారాలకి డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముక అతుక్కుందమ్మా. ఇక నడవాల్సింది ఆవిడే. ఇప్పుడు లేవకపోతే కాళ్ళలో సత్తువ పోతుంది. తర్వాత లేవాలన్నా లేవలేరు" అన్నాడు. నాలుగు కాళ్ళ వాకర్ కొన్నాం. వ్యాయామం చేయించే ఆయన వచ్చి, "లేవండమ్మా, ఒక్క అడుగు" అని బతిమాలేవాడు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకునేది. కుర్చీలో కూర్చోబెట్టి అరుగు మీదకి మోసుకెళ్తామన్నాం. "నన్ను శవంలాగ మోత్తారేటి" అని కసిరింది. ఆవిడ కసరడం అదే ఆఖరు. ఆ తర్వాత మాట్లాడడమే తగ్గించేసింది. వాకర్ మీద మేం తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడం మొదలుపెట్టాం.

ఒకరోజు పప్పులో పొరపాటున ఉప్పు రెండుసార్లు వేశాను. నోట్లో పెట్టుకుంటే నాకే కళ్ళు తిరిగాయి. పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆవిడ కంచం ఖాళీ చేసి పక్కన పెట్టేసింది. ఒక్క మాట అనలేదు. మర్నాడు కావాలనే చారులో చింతపండు వెయ్యలేదు. వేడినీళ్ళలో పోపు తేలుతోంది. ఆవిడ తాగి, "బాగుంది" అంది. నా వంట గురించి ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చాను. అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలి కంట నీరొచ్చిందంటారు. నాకు బతికుండగానే వచ్చేసింది.

ఆవిడ ప్రాణమంతా అరుగు మీద ఉంది. ఆవిణ్ణి అరుగు దగ్గరికి తీసుకెళ్ళడం కుదరనప్పుడు అరుగునే మంచం దగ్గరికి తేవాలనుకున్నాను. వీధి కాస్త కంటపడితే కాలు ఊరుకోదని, రెండు రోజులు చూసి మూడో రోజు తనే లేస్తుందని నా లెక్క. మా షాపు ఓనరుకి ఈ సంగతి చెప్పి పాత సామాను అడిగితే, "అయ్యన్నీ ఎందుకమ్మా, మీ అత్తని ఫ్యాక్టరీ రీసెట్ సేసీ దారి లేదేటి?" అన్నాడు. అన్నాడు గానీ ఒక పాత ఫోను ఊరికే ఇచ్చాడు. మైకు పోయి రిపేరుకి వస్తే, దాని యజమాని మళ్ళీ తిరిగి చూడని ఫోను అది. కెమెరా మాత్రం దివ్యంగా ఉంది.

ఏదో పెళ్ళిలో పంచిపెట్టిన పెద్ద ప్లాస్టిక్ టిఫిను డబ్బా ఒళ్ళయింది. ఎదురింటివాళ్ళ మనవడు విరగ్గొట్టి పారేసిన బొమ్మ లారీ చక్రాలు కాళ్ళయ్యాయి. చిన్న మోటార్లు రెండు, వైఫై బోర్డొకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలో బతికున్న సెల్లులు ఏరి డబ్బాలో అమర్చాను. మధ్యలో నీళ్ళ పైపు ముక్కొకటి నిలబెట్టి మెడ చేశాను. దాని మీద అట్టపెట్టెలో ఫోను పెట్టి, దుమ్ము పడకుండా చుట్టూ టేపు వేసి, కెమెరా ఉన్నచోట మాత్రం గుండ్రంగా చిల్లు పెట్టాను. పక్కన ఒక స్పీకరు కట్టాను. ఆవిడ చేతిలో ఇంకో ఫోనుంటుంది. అందులో వీధి కనపడుతుంది, కింద నాలుగు మీటలు. నొక్కితే బండి కదులుతుంది, మాట్లాడితే ఆవిడ గొంతు స్పీకర్లో వినపడుతుంది. అవతలివాళ్ళు అన్నది మాత్రం ఆవిడకి వినపడదు, దాని మైకు చచ్చిపోయింది కాబట్టి.

చెప్పడానికి ఇంతే గానీ, చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తీగలు అటూ ఇటూ అవడంతో మొదటిసారి స్విచ్చి వెయ్యగానే అది ముందుకి పోకుండా ఉన్నచోటే గిరగిరా తిరిగి, వంటింట్లో బియ్యం కడిగిన గిన్నెని తన్నేసింది. స్క్రూలు బిగియకపోతే అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆ డబ్బా మీద చూపించాను. దాంతో మూత పగిలితే మళ్ళీ నేనే అతికించుకున్నాను. వైఫై పెట్టెని కిటికీలోకి మార్చాను. ఇంత హడావుడి జరుగుతున్నా ఆవిడ వెనక గది నుంచి ఏమిటని అడగలేదు. అడక్కపోవడం నాకు మరీ కష్టంగా ఉండేది.

తీరా తీసుకెళ్ళి మంచం పక్కన పెడితే, చాలాసేపు చూసి, "ఏటే ఇది? ఎలకల బోనా?" అంది.

"మీ కన్నత్తా. ఈ ఫోను పట్టుకోండి. ఇది నొక్కితే ముందుకెళ్తుంది. ఇది లెఫ్ట్, ఇది రైట్."

"లెఫ్టూ రైటూ నాకేటి తెల్సు. తినీ సెయ్యి, కడుక్కునీ సెయ్యి అని రాయి."

అలాగే రాశాను. తెర మీద ఒక మీట 'తినే చెయ్యి', ఇంకోటి 'కడుక్కునే చెయ్యి'. ఆ తర్వాత ఆవిడ ఒక్కసారి కూడా తప్పు మీట నొక్కలేదు. తెర మీద బొమ్మ మాత్రం ఒక గుటక మింగినంత ఆలస్యంగా వచ్చేది. బండి గోడకి గుద్దుకున్నాక ఆవిడకి గోడ కనపడేది. "మీ మావలాగే ఉంది. సెప్పింది సెవికెక్కడానికి టైము పడతాది" అంది. అవతలి మాట వినపడదని చెప్తే, "నువ్వు సేసిందే గదా, నీ పోలికే వచ్చింది. సెప్పడవే గాని ఇనడం లేదు" అంది. తిట్టింది. అన్ని రోజుల తర్వాత నన్ను తిట్టింది. నేను తల వంచుకుని చక్రాలు సరిచేస్తున్నట్టు నటించాను.

గడప దగ్గర పెద్ద తగవు వచ్చింది. బండి దాటాలంటే గడప మీద చెక్క వెయ్యాలి. "గడప తొక్కుతాదేటే? ఈల్లేదు" అంది. చివరికి గడపకి తగలకుండా అటూ ఇటూ ఇటుకలు పేర్చి, గడప పైనుంచి వెడల్పాటి చెక్క వేసి, రెండు వైపులా వాలు పెట్టాను. గడపకీ చెక్కకీ మధ్య చెయ్యి పట్టేంత సందుందని ఫోనులో చూపించాక ఒప్పుకుంది. అరుగు మెట్ల మీద ఇంకో చెక్క వేసి, బండిని బయటికి వదలబోతుంటే మళ్ళీ ఆపింది.

"కొత్త బండికి బొట్టెట్టకుండా ఈదిలోకి తోలేత్తావేటే? ఇలాగ తే."

కుంకుమ భరిణె అందించాను. కొబ్బరినూనెలో బొటనవేలు ముంచి, కుంకుమ అద్దుకుని, మంచం మీద నుంచే చెయ్యి చాచి ఆ అట్టపెట్టె మొహానికి సరిగ్గా మధ్యలో, గుండ్రటి చిల్లులో, నిండుగా బొట్టు పెట్టింది. ఆవిడ చేతిలో తెర ఎర్రగా అయిపోయింది. నాకు నవ్వాగలేదు. చీర కొంగుతో కెమెరా తుడిచి, "బొట్టు పైన పెట్టాలత్తా, అది కన్ను" అన్నాను. "నుదురెక్కడో కన్నెక్కడో తెలీకుండా సేసేవు, తప్పు నాదా?" అంది.

బండి వీధిలోకి వెళ్ళిన మొదటి రోజు అందరూ పనులు మానేసి చూశారు. ఎదురింటావిడ తలుపు చాటు నుంచి తొంగి చూసి, లోపలికి వెళ్ళి కొప్పు సరిచేసుకుని మళ్ళీ వచ్చింది. కుక్క ఒకటి దూరం నుంచి మొరిగి మొరిగి, దగ్గరికొచ్చి వాసన చూసి, వెనక కాలెత్తింది. "సీ, పో" అని స్పీకర్లో మా అత్తగారి గొంతు వినపడగానే తోక ముడుచుకుని పారిపోయింది. ఆ గొంతు దానికి పాత పరిచయమే. రెండు రోజుల్లో వీధి అలవాటు పడిపోయింది. రిక్షా అతను బండి ముందు కాలు ఆన్చి "బాగున్నావా అమ్మా" అంటున్నాడు. ఎదురింటావిడ చాట చాటున దాచుకు తెస్తున్నది ఎండు రొయ్యలని మా అత్తగారు కనిపెట్టేసింది. ఇంట్లో మళ్ళీ గొంతు వినపడుతోంది. చారులో చింతపండు గురించి కూడా వినపడింది.

నా లెక్కలో ఒక్కటే తప్పింది. ఆవిడ లేవలేదు. వ్యాయామం ఆయన వచ్చి వాకర్ ముందుకి జరిపితే, ఫోను నుంచి తలెత్తకుండా, "నాకేటి కర్మ బాబూ. అది తిరుగుతోంది గదా" అంది. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇదివరకు విసుగుతో పడుకున్న మనిషి ఇప్పుడు సంతోషంగా పడుకుంది. కాలు చేత్తో పట్టి చూస్తే కండ కరిగిపోయి మెత్తగా చేతికొస్తోంది. బుద్ధి తక్కువై ఈ బండి చేశానా అనిపించింది. దాని తీగలు పీకేద్దామని చెయ్యి పెట్టి, ఆవిడ నవ్వు వినపడి తీసేశాను. పీకితే మళ్ళీ ఆ "బాగుంది" వినాలి.

అప్పుడు చేపలామె వచ్చింది. పూడిమడక నుంచి ఆటోలో గంపతో వచ్చి మా వీధిలో అమ్ముకునే ఆమె. నేను కాపురానికి రాకముందు నుంచే ఆమెకీ మా అత్తగారికీ వాడుక. ఇద్దరూ అరుగు మీద చేప మొప్పలెత్తి పోట్లాడుకోకుండా ఒక్క బేరం తెగేది కాదు. మా అత్తగారు చేపని కళ్ళతో నమ్మదు, ధరతో నమ్మదు. మొప్ప ఎత్తాలి, ఎర్రగా ఉండాలి. అంతే.

నేను షాపులో ఉన్న పూట, ఆవిడ బండిని అరుగు మీదకి తోలి, మంచం మీద నుంచే కానాగడత చేపలు బేరం చేసింది. మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి అరుగు మీద గిన్నెలో చేపలున్నాయి, మూత పెట్టి. మూత తియ్యగానే గుప్పున వాసన కొట్టింది. చేపల కళ్ళు లోపలికి పోయాయి. మొప్ప ఎత్తితే మట్టిరంగు.

గిన్నె తీసుకెళ్ళి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. ఆవిడ మొహం ఎర్రబడింది.

"సూసేనే. మొప్పెత్తి సూపించమన్నాను. నా కల్లతో సూసేను, నెత్తురుముద్దలాగున్నాది. మంచాన పడ్డానని మంచి సేప సూపించి కుల్లిందేసి పోతాదా? ఇన్నేల్ల వాడుక. మోసం సేత్తాదా నన్ను?"

అంతసేపు, అంత గట్టిగా ఆవిడ మాట్లాడడం విని ఎదురింటావిడ కిటికీ తెరిచింది. చేపలు కుక్కకి పడేసి వచ్చి, బండిని ఛార్జింగ్ పెడదామని ఎత్తాను. కెమెరా మీద వెలుగు పడింది. అద్దమంతా పల్చగా ఎర్రటి జిడ్డు.

ఆ రోజు అందించిన కుంకుమ భరిణె, నూనె ఇంకా ఆవిడ మంచం పక్కనే ఉన్నాయి. నాకు తెలియకుండా ఆవిడ రోజూ బొట్టు పెడుతోంది. నేను షాపుకి వెళ్ళగానే బండిని మంచం దగ్గరికి పిలుచుకుని, వెల్లకిలా పడుకునే చెయ్యి చాచి, వేలితో తడుముతూ మొహం వెతికి, బొట్టు పెట్టి, కొంగుతో కాస్త తుడిచి, డ్యూటీకి పంపుతోంది. తడిమితే వేలికి తగిలేది ఆ చిల్లే. నూనె, కుంకుమ ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. పాత ఫోను కదా, రంగు ఇంతే అనుకుని ఉంటుంది. ఆ కన్నుతో చూస్తే ప్రపంచంలో ఏ మొప్పైనా ఎర్రగానే ఉంటుంది. పాపం చేపలామె ఏ మోసమూ చెయ్యలేదు. మోసం చేసింది మా ఇంటి కుంకుమ.

ఈ మాట చెప్పి ఆ మనిషి మీద నింద తీసేద్దామని వెనక గదిలోకి పరిగెత్తాను. ఆవిడ మోచేతి మీద లేచి ఉంది. జుట్టు ముడి వేసుకుంటోంది.

"ఆ వాకరెక్కడ సచ్చింది? ఇలాగ తే" అంది. "రేపొత్తాది గదా. అరుగు మీద నిలబెట్టి కడిగేత్తాను దాన్ని. ఈ డబ్బాతో కాదు. నానే ఎల్తాను."

నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. వాకర్ మీద తువ్వాళ్ళు తీసి నేల మీద పారేసి, దాన్ని మంచం దగ్గరికి జరిపాను. ఆవిడ పిడి పట్టుకుంది. మొహమంతా చెమట పట్టింది. "కుల్లిన సేపలు" అని పళ్ళు బిగించి, లేచి నిలబడింది. ఆ సాయంత్రం మంచం నుంచి గది గుమ్మం వరకూ వెళ్ళి, వెనక్కి వచ్చింది. అడుగడుగుకీ చేపలామెని తిట్టింది. నేను వెనకాలే చేతులు చాచి నడుస్తూ, "అవునత్తా, ఎంత మోసం" అని వంత పాడాను. కెమెరా మాత్రం శుభ్రంగా తుడిచేశాను.

మర్నాడు షాపుకి సెలవు చెప్పి, వీధి మొదట్లోనే చేపలామెకి ఎదురెళ్ళి సంగతంతా చెప్పాను. గంప దించి నోరు నొక్కుకుని నవ్వింది.

"ఆ డబ్బాకి సెప్పేనమ్మా. ఇయ్యి నిన్నటియ్యి, ఐసులో ఎట్టినియ్యి, బోట్లెల్లలేదు, ఒద్దులెండి అని సెప్పేను. మొప్పెత్తి సూపించమంది. ఎత్తేను. 'ఎర్రగున్నాది, ఎయ్యి' అన్నాది. నాకే అనుమానవొచ్చి మల్లీ సూసుకున్నాను."

"ఆవిడ తిడుతుంది ఇవాళ. నువ్వేమీ అనకు."

"తిట్టనీమ్మా. ఆయమ్మ నోట్లోంచి తిట్టు ఇని ఎన్నాల్లయ్యిందో. నన్ను తిట్టడానికి లేత్తానంటే అంతకన్నేటి కావాలి. ఈయేళ మంచియ్యి తెచ్చేను."

ఆమె కాసేపాగి వస్తానంది. నేను ముందు ఇంటికొచ్చేసరికి మా అత్తగారు మంచం మీద కూర్చుని ఫోను చూస్తోంది. బండి గడప ఇవతల నిలబడి వీధిని చూస్తోంది. "వచ్చిందేటి?" అని అడిగింది. "వస్తోంది" అన్నాను. ఫోను నా చేతికిచ్చి వాకర్ అందుకుంది.

హాలు దాటేసరికే ఊపిరి ఎగదన్నింది. గడప దగ్గర ఆగిపోయింది. పడిన చోటు అదే. చాలాసేపు కదలలేదు. నేను చెయ్యి పట్టుకోబోతే భుజంతో తోసేసింది. నేను పక్కనుంటే ఆనుకుంటుందనీ, ఆనుకుంటే ఇక నడవదనీ తెలిసి, తలుపు వెనక్కి వెళ్ళిపోయాను. బండిని మెల్లగా ముందుకి తోలి, అరుగు చివర ఇటు తిప్పి నిలబెట్టి, ఫోనులో చూస్తూ కూర్చున్నాను. వాకర్ ఆ ఎత్తు గడపని ఎలా దాటుతుందో నేను అంతకుముందు ఆలోచించలేదు. ఆవిడ ఆలోచించింది. బండి కోసం వేసిన చెక్క మీద వాకర్ పెట్టి, ఒక్కో అడుగే వేస్తూ, గడప తొక్కకుండా దాటి అరుగు మీదకి వచ్చేసింది.

చేపలామె వచ్చాక ఆవిడ అన్న మాటలు వీధంతా వింది. అవేవీ ఇక్కడ రాయతగ్గవి కావు. చేపలామె తల వంచుకుని నిలబడి అంతా విని, గంపలోంచి ఒక కానాగడత తీసి అందించింది. మా అత్తగారు ఒక చెయ్యి వాకర్ మీద ఉంచి, ఇంకో చేతి బొటనవేలితో మొప్ప ఎత్తింది. వాసన చూసింది. "ఎయ్యి" అంది. బేరమాడలేదు. చేపలామె అదిరిపోయి ఒకటి ఎక్కువే వేసి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ తన పాత చోటులో గోడకి చేరగిలబడి కూర్చుని, బండి మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నా చేతిలో తెర నిండా ఆవిడ మొహం. తలుపవతల నుంచి మాట ముందు వినపడుతోంది, పెదాలు తర్వాత కదులుతున్నాయి.

"తలుపెనకాల నక్కి సూత్తన్నావేటే? నిన్నటిదాకా ఎదురింటి సున్నం గోడ గులాబీ రంగులో కనపడీది. ఈయేళ పొద్దున్న తెల్లగా ఉన్నాది. తుడిసేసేవు గదా."

నేను ఫోను నోటి దగ్గర పెట్టుకుని స్పీకర్లో అడిగాను. "తెలిసీ చేపలామెని ఎందుకు తిట్టేరత్తా?"

ఆవిడ వీధి వైపు చూసింది.

"మల్లీ పడిపోతానేమోనని బయవే. ఇన్నాల్లూ అదే. కోపంలో ఉంటే బయం గుర్తుండదు. సల్లారిపోతే మల్లీ మంచవెక్కేత్తానని, సల్లారనివ్వలేదు."

తర్వాత తన నుదుటి కుంకుమ బొటనవేలికి అద్దుకుని చెయ్యి ముందుకి చాచింది. అరచెయ్యి అడ్డొచ్చి తెర చీకటైపోయింది. మళ్ళీ కెమెరా మీదే పెట్టేసిందనుకున్నాను. చెయ్యి తీశాక చూస్తే అంతా తేటగా ఉంది. బొట్టు కంటికి పైన, అట్టపెట్టె నుదుటి మీద పెట్టింది. ఆవిడ కాస్త వెనక్కి వాలి దాన్ని చూసుకుంది.

"పడుకుని పెడితే కనపడలేదే" అంది.